చవక జిగ్‌తో ఇంట్లోనే బాణాలకు వేన్లు అతికించుకోవడం

మా అమ్మాయి విజయవాడలో విలువిద్య, అందులోనూ రికర్వ్ (కొసలు ముందుకు వంగి ఉండే విల్లు) నేర్చుకోవడం మొదలుపెట్టినప్పుడు విల్లు, ఆర్మ్‌గార్డ్, కోచింగ్ ఫీజు అన్నీ లెక్కేసుకున్నాం గానీ వేన్ల సంగతి ఎవరూ చెప్పలేదు. వేన్లంటే బాణం వెనకాల ఉండే ఆ మూడు చిన్న రెక్కలు. ఆదివారం ప్రాక్టీస్ అయ్యాక క్వివర్ (బాణాల పొది) తెరిస్తే రెండు మూడు బాణాలు తోక ఊడిన పిట్టల్లా ఉండేవి. ఒక బాణం ఇంకో బాణం రెక్కను చీల్చుకుంటూ దిగుతుంది, లేదా టార్గెట్‌లో లోతుగా దిగిపోయి వెనక్కి లాగేటప్పుడు ఊడిపోతుంది. వాటిని అతికించి ఇచ్చే ఒకాయన ఉండేవాడు, పని బాగానే చేసేవాడు, కాకపోతే మంగళవారం అంటే శుక్రవారం.

ఒకసారి ఆగలేక ఒక బాణానికి ఇంట్లోనే కంటి అంచనాతో, చేత్తో పట్టుకుని అంటించాం. 30 మీటర్లలో మిగతా ఐదూ టార్గెట్ నడిమి పసుపులోనో దాని చుట్టూ ఉన్న ఎరుపులోనో పడుతుంటే అదొక్కటే ప్రతిసారీ ఇంకా బయటి నీలంలోకి వెళ్ళి కూర్చునేది. "నాన్నా, దీనికి కోపం వచ్చింది" అంది మా అమ్మాయి. ఆ వారమే జిగ్, అంటే బాణాన్నీ వేన్‌నీ కదలకుండా పట్టి అతికించే స్టాండ్, కొన్నాను, మామూలు చవక రకం. ఇప్పటికి రెండేళ్ళయింది, ఇంట్లో బాణాలన్నీ దాని మీదే. కొత్తగా చేరిన పిల్లల తల్లిదండ్రులు అడుగుతుంటారు కాబట్టి, కొనేటప్పుడు ఏం చూడాలి, వచ్చాక ఎలా వాడాలి అన్నీ ఒకచోట రాస్తున్నాను.

అన్నట్టు, ఫోన్లు పుంఖానుపుంఖాలుగా వస్తున్నాయి అంటుంటాం కదా, ఆ పుంఖం అంటే బాణానికి ఈకలు కట్టే వెనక భాగమే. ఒక బాణం తోకను ఇంకో బాణం తరుముకొచ్చినట్టు అని అర్థం. మాటల్లో రోజూ వాడుతున్నాం, చేత్తో చేసేటప్పటికి ఇప్పుడు తెలిసొచ్చింది.

ఏ జిగ్ కొనాలి

జిగ్ పని మూడే ముక్కలు. నాక్‌ని, అంటే బాణం చివర నారి పట్టే గాడిని, ఒక చోట కదలకుండా పట్టుకోవాలి. వేన్‌ని ఒక కోణంలో తెచ్చి షాఫ్ట్ (బాణం కర్ర) మీద నొక్కాలి. తర్వాత బాణాన్ని సరిగ్గా 120 డిగ్రీలు తిప్పి రెండో దానికి, మళ్ళీ తిప్పి మూడో దానికి అదే పని చేయాలి. బిట్జెన్‌బర్గర్ కంపెనీ జిగ్ లాంటి లోహపు ముద్దలు దీన్ని ఏళ్ళ తరబడి చెక్కుచెదరకుండా చేస్తాయి, అందుకే వాటికి ఆ ధర. ఇంట్లో నెలకో డజను బాణాలు చూసుకునే మనకు అంత అక్కర్లేదని నా అభిప్రాయం.

ఎందుకంటే పన్నెండు బాణాలకీ వేన్ అర డిగ్రీ ఎక్కువ వంగి ఉందనుకోండి, సైట్ (విల్లు మీద గురి చూసే పరికరం) కాస్త జరుపుకుంటే పోతుంది, ఎవరికీ తెలియదు కూడా. పదకొండు ఒకలా ఉండి పన్నెండోది ఇంకోలా ఉంటేనే గోల. అంటే చవక జిగ్‌తో మనకు కావలసింది పర్‌ఫెక్ట్ కోణం కాదు, చేసిన పనినే మళ్ళీ మళ్ళీ అలాగే చేయడం. ఇక్కడినుంచి నేను చెప్పే చిట్కాలన్నీ దీని చుట్టూ తిరిగేవే.

చవకలో రెండు రకాలు దొరుకుతాయి. ఒకటి సింగిల్ క్లాంప్: ఒక్కో వేన్‌ని క్లాంప్‌లో పెట్టి, అయస్కాంతం ఉన్న స్టాండ్‌కి ఆనించి అతికించి, నాబ్ తిప్పి తర్వాతి దానికి వెళ్ళాలి. కోణం మార్చుకోవచ్చు, లావు షాఫ్ట్, సన్న షాఫ్ట్ రెండూ పడతాయి, కానీ నిదానం. రెండోది మూడు చేతుల రకం: మూడు వేన్లూ ఒకేసారి పెట్టి మూడు చేతులు మూసేస్తే మూడూ ఒకేసారి అతుక్కుంటాయి. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, టైం మూడో వంతు. కాకపోతే కోణం కంపెనీ వాడు పెట్టిందే, మనం మార్చలేం. షాఫ్ట్ సన్నదైతే చేతులు పూర్తిగా ఆనవు. పిల్లలు ఏడాదికోసారి బాణాల సైజు మారుస్తారు కాబట్టి నేను సింగిల్ క్లాంప్‌కే ఓటేస్తాను. కాంపౌండ్ (కప్పీలున్న విల్లు) వేస్తూ ఒకే రకం బాణాలు ఏళ్ళ తరబడి వాడేవాళ్ళకు మూడు చేతులది హాయి.

ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే, డబ్బా విప్పగానే, రిటర్న్ గడువు ఉండగానే ఈ పరీక్షలు చేయండి.

మొదట నాక్ కూర్చునే గాడి. బాణం పెట్టి పై కొసను మెల్లగా అటూ ఇటూ కదపండి. నాక్ దగ్గర టకటక ఆడుతుంటే ఆ జిగ్‌తో ఏ రెండు బాణాలూ ఒకేలా రావు. చవక జిగ్‌లలో ఎక్కువగా కనిపించే జబ్బు ఇదే, మాదాంట్లోనూ ఉంది. మందు కూడా సులువే: గాడిలో నాక్‌ని పట్టే పలక మీద ఒక చుట్టు సెల్లోటేప్ వేయండి, చాలకపోతే ఇంకో చుట్టు, నాక్ కాస్త బిగుతుగా దిగేదాకా. విల్లు నారి మీద నాక్ ఎంత బిగుతుగా కూర్చుంటుందో ఇక్కడా అంతే ఉండాలి.

తర్వాత క్లాంప్. కాగితం ముక్కను క్లాంప్ ముందు కొసలో పట్టించి లాగండి, తర్వాత వెనక కొసలో. ఒక చోట బిగుతుగా, ఇంకో చోట జారిపోతూ ఉంటే అతికించేటప్పుడు వేన్ కూడా అలాగే జారుతుంది. వంకర క్లాంప్‌ని ఇంట్లో సరిచేయడం కుదిరే పని కాదు, వెనక్కి పంపేయండి.

మూడోది 120 డిగ్రీల లెక్క, దీనికి పేపర్ చాలు. సన్నటి కాగితం పట్టీని షాఫ్ట్ చుట్టూ బిగించి చుట్టి, కొసలు కలిసిన చోట గీత పెట్టి విప్పండి. 6 మిల్లీమీటర్ల షాఫ్ట్‌కి ఆ పొడవు సుమారు 19 మిల్లీమీటర్లు వస్తుంది. దాన్ని మూడు సమభాగాలు చేసి, గుర్తులు పెట్టి మళ్ళీ చుట్టి టేప్ వేయండి. ఇప్పుడు వేన్ లేకుండా క్లాంప్ పెట్టి నాబ్ మూడుసార్లు తిప్పి, ప్రతిసారీ క్లాంప్ అంచు గుర్తు మీదికి వస్తుందో లేదో చూడండి. ఈ లెక్కలో చేతి పని ఎందుకు పనికిరాదో కూడా తెలుస్తుంది: అంత సన్న షాఫ్ట్ మీద ఒక్క మిల్లీమీటర్ తప్పు అంటే 19 డిగ్రీలు. అయితే మరీ బెంగ పెట్టుకోకండి, వేన్ల మధ్య దూరం అర మిల్లీమీటర్ తేడా వస్తే కొంప మునగదు. కోణం మారితేనే బాణం మాట వినదు.

కోణం సంగతి

వేన్‌ని షాఫ్ట్ వెంట తిన్నగా పెట్టొచ్చు, కాస్త ఏటవాలుగా పెట్టొచ్చు (ఆఫ్‌సెట్ అంటారు), లేదా మెలితిప్పినట్టు పెట్టొచ్చు (హెలికల్). ఏటవాలుగా ఉంటే గాలి తగిలి బాణం బొంగరంలా తిరుగుతుంది, తిరిగేది తొందరగా కుదురుకుంటుంది. కోణం ఎక్కువైతే గాలి కూడా ఎక్కువ అడ్డుకుని దూరం వెళ్ళేసరికి వేగం పడిపోతుంది. ప్లాస్టిక్ వేన్లకు 1 నుంచి 2 డిగ్రీలు చాలు. 45 మిల్లీమీటర్ల వేన్‌కి 1 డిగ్రీ అంటే రెండు కొసల మధ్య తేడా ఒక మిల్లీమీటర్ కంటే తక్కువ, 2 డిగ్రీలంటే మిల్లీమీటరున్నర. అంత చిన్న సంగతి ఇది. సన్న షాఫ్ట్ మీద తిన్నటి క్లాంప్‌తో అంతకన్నా ఎక్కువ వంచితే వేన్ కొసలు పైకి లేచిపోయి గాలిలో ఉంటాయి, జిగురు అక్కడ పట్టదు.

కుడికా ఎడమకా అని అడుగుతారు. ప్లాస్టిక్ వేన్లకు ఏదైనా పర్వాలేదు, అన్నిటికీ ఒకటే ఉంటే చాలు. నిజమైన ఈకలు వాడేవాళ్ళు మాత్రం జాగ్రత్త: పిట్ట కుడి రెక్క ఈకలకు కుడి వైపే, ఎడమ రెక్క ఈకలకు ఎడమ వైపే వంచాలి. ఈకకు పుట్టుకతోనే ఒక వంపు ఉంటుంది, దానికి ఎదురు పెడితే బాణం తిరగాలో వద్దో తేల్చుకోలేదు.

ఇక్కడ నా పరువు పోయిన కథ చెప్పాలి. క్లాంప్ శుభ్రం చేయడానికని తీసి, తిరగేసి పెట్టేశాను. ఆరు బాణాలు కుడికి, ఆరు ఎడమకి. నేను పన్నెండూ వరసగా నిలబెట్టి మురిసిపోతుంటే మా అమ్మాయి రెండు బాణాలు పక్కపక్కన పట్టుకుని చూసి నవ్వింది. ఆ రోజే తన గోళ్ళ రంగు తీసి క్లాంప్‌కి ఒక వైపు, స్టాండ్‌కి అదే వైపు ఎర్ర చుక్క పెట్టాను. ఆ చుక్కలు రెండూ ఒకే పక్కన లేకపోతే జిగురు మూత తీయను. కోణం బిగించే స్క్రూల మీదా అడ్డంగా ఒక గీత పెట్టుకోండి, వదులైతే గీత విరిగినట్టు కనిపించి వెంటనే తెలిసిపోతుంది.

పాత వేన్ తీయడం, షాఫ్ట్ కడగడం

సగం వేన్లు ఊడేది ఇక్కడ బద్ధకించడం వల్లే. పాత వేన్‌ని వెన్న రాసే మొద్దు చాకుతో, దాదాపు షాఫ్ట్‌కి ఆనించినట్టు పడుకోబెట్టి నెట్టండి. బ్లేడు నిలబెట్టి గీరితే కార్బన్ పోగులు తెగుతాయి. అలా దెబ్బతిన్న షాఫ్ట్ వదిలేటప్పుడు విరిగితే చేతిలోకి దిగుతుంది, ఇది భయపెట్టడానికి చెప్పడం లేదు. వేన్ తీశాక బాణాన్ని రెండు చేతులతో మెల్లగా వంచి, కాస్త మెలితిప్పి చెవి దగ్గర పెట్టుకుని వినండి. చిటపట వినిపించినా, వేలికి పగులు తగిలినా ఆ బాణం అక్కడితో సరి, దానికి కొత్త రెక్కలు దండగ.

మిగిలిన జిగురు పొరకు, పైన స్టిక్కర్ ర్యాప్ లేని కార్బన్ అయితే, గుడ్డకు కాస్త అసిటోన్ అద్ది తుడిచేయొచ్చు. నానబెట్టకూడదు, ర్యాప్ ఉన్న చోట, ప్లాస్టిక్ వేన్ మీద అసలు తగలకూడదు. తర్వాత కిచెన్‌లో వాడే ఆకుపచ్చ స్క్రబ్బర్‌తో, కొత్తది, తడిపి, రెండు మూడుసార్లు పైపైన రుద్దండి, పౌడర్ రేగకుండా ఉంటుంది. ఆరాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి, సెల్‌ఫోన్ రిపేరు చేసేవాళ్ళు ఐపీఏ అని వాడేది అదే. ఇంట్లో మిగిలిపోయిన హ్యాండ్ శానిటైజర్ పనికొస్తుందని నేనూ అనుకున్నాను, కానీ అందులో చేయి మెత్తగా ఉండటానికి కలిపే గ్లిజరిన్ లాంటివి షాఫ్ట్ మీద జిడ్డు పొరగా మిగిలిపోతాయి. ఇక్కడినుంచి ఆ చోట వేలు పెట్టకండి. వేన్ అడుగు భాగాన్ని కూడా ముట్టుకోకండి. భోజనం చేసి వచ్చి మొదలుపెడితే మాత్రం ముందు సబ్బుతో చేతులు కడుక్కోండి, ఆవకాయ నూనె మీద ఏ జిగురూ నిలబడదు.

అతికించడం

ముందు ఫ్యాన్ ఆపండి, కిటికీ తీయండి. ఫ్యాన్ తిరుగుతుంటే వేన్లు ఎగిరి మంచం కిందికి పోతాయి, కిటికీ మూసి ఉంటే జిగురు ఆవిరికి కళ్ళు మండుతాయి.

జిగురు విషయానికొస్తే, ఫెవిక్విక్ లాంటి సైనోఅక్రిలేట్ రకాలు క్షణాల్లో పట్టేస్తాయి. ఫ్లెచ్-టైట్ లాంటి వేన్ల కోసమే చేసినవి నిమిషాల కొద్దీ పట్టి ఉంచమంటాయి, సింగిల్ క్లాంప్‌తో డజను బాణాలంటే ఆదివారం అక్కడే తెల్లారుతుంది. సైనోఅక్రిలేట్‌లో జెల్ రకం దొరికితే అదే తీసుకోండి, నీళ్ళలాంటిది క్లాంప్‌లోకి జారి బాణాన్నీ జిగ్‌నీ కలిపి ఒకే ముద్ద చేస్తుంది. అలా జరగకుండా క్లాంప్ కింది అంచు మీద కొవ్వొత్తి రెండుసార్లు రుద్దండి, జిగురు దానికి అంటదు. మైనం వేన్ అడుగుకు మాత్రం తగలనీయకండి. ఈ జిగురు గాలిలోని తేమతోనే గట్టిపడుతుంది కాబట్టి వానాకాలం మన వైపు ఇంకా వేగంగా పట్టేస్తుంది, చుక్క వేసి ఫోన్ చూసుకునే వీలుండదు.

ఇప్పుడు వేన్ ఎక్కడ పెట్టాలి. నాక్ గాడి నుంచి వేన్ వెనక కొసకు 25 మిల్లీమీటర్లు వదలడం మామూలు, వేళ్ళతో నారి పట్టే రికర్వ్‌లో వేలికి, ముఖానికి తగలకుండా. క్లాంప్ మీద గీతలు ఉంటాయి, వాటిలో ఒకదాన్ని ఎంచుకుని దానికీ గోళ్ళ రంగు చుక్క పెట్టేయండి. మూడు వేన్లలో ఒకటి వేరే రంగు ఉంటుంది, అది ఇండెక్స్ వేన్. రికర్వ్‌లో అది విల్లుకు దూరంగా, మన వైపు చూస్తూ ఉండాలి, మిగతా రెండూ రైజర్‌కి, అంటే విల్లు మధ్య పిడి భాగానికి, తగలకుండా దాటిపోతాయి. ఎప్పుడూ ఇండెక్స్ వేన్‌తోనే మొదలుపెట్టండి, నాబ్ మొదటి గుర్తు దగ్గర. కాంపౌండ్‌లో రెస్ట్‌ని (విల్లు మీద బాణం ఆనే చోటు) బట్టి మారుతుంది, కోచ్‌ని అడిగి నాక్ తిప్పుకోండి.

మొదటి బాణం జిగురు లేకుండా ఉత్తుత్తిగా చేయండి. వేన్ క్లాంప్‌లో పెట్టి, షాఫ్ట్‌కి ఆనించి, వెనక నుంచి ఫోన్ టార్చ్ వేసి చూడండి. వేన్ కిందినుంచి వెలుగు కనిపిస్తే అక్కడ ఆనలేదన్నమాట. ముందు కొసలో వెలుగొస్తే స్టాండ్ స్క్రూ ఒక చుట్టులో పావు వంతు సర్దండి. ఈ పది నిమిషాలు మిగతా గంటన్నరను కాపాడతాయి.

అంతా సరిగ్గా ఉందనుకున్నాక వేన్ అడుగున ఒక కొస నుంచి ఇంకో కొస దాకా దారంలాంటి సన్న గీత. టూత్‌పేస్ట్ ప్రకటనలో బ్రష్ మీద వేసినట్టు వేయకండి, ఎక్కువైతే పట్టు పెరగదు, పక్కలకు పొంగి తెల్లటి బూజులా ఆరుతుంది. క్లాంప్‌ని స్టాండ్‌కి ఆనించి, పైనుంచి తిన్నగా కిందికి దించండి, షాఫ్ట్ మీద జరపొద్దు. జెల్ అయితే అరనిమిషం సమానంగా నొక్కి ఉంచి, ఇంకో అరనిమిషం ఊరికే వదిలేయండి. క్లాంప్ తెరిచేటప్పుడు రెండు వైపులా పూర్తిగా విచ్చుకున్నాకే వెనక్కి లాగాలి, తొందరపడితే అప్పుడే అంటిన వేన్ దానితోపాటే వచ్చేస్తుంది. నాబ్ తిప్పండి, టక్ అని కూర్చున్నట్టు వేలికి తెలియాలి. రెండోది, మూడోది.

మూడూ అయ్యాక ప్రతి వేన్ ముందు కొసలోనూ వెనక కొసలోనూ ఆవగింజంత జిగురు చుక్క పెట్టండి. ముందు కొసది మరీ ముఖ్యం, బాణం టార్గెట్‌లోకి దూరేటప్పుడు ఫోమ్ మొదట పట్టి లేపేది అక్కడే. రాత్రంతా నిలబెట్టి ఉంచి పొద్దున వేన్‌ని వేలితో పక్కకు వంచి వదలండి. స్ప్రింగ్‌లా నిలబడాలి, అంచు లేవకూడదు.

వేళ్ళు అతుక్కుంటే లాగకండి, గోరువెచ్చటి సబ్బు నీళ్ళలో ఉంచి మెల్లగా దొర్లిస్తే వస్తుంది. కంట్లో పడితే ప్రయోగాలు వద్దు, డాక్టర్ దగ్గరికే.

స్పిన్ వింగ్స్, అంటే ఆ వంపు తిరిగిన పల్చటి వేన్లు, జిగురుతో కాదు, డబుల్ టేప్‌తో అంటిస్తారు. పెద్ద రికర్వ్ వాళ్ళు ఎక్కువగా వాడేది అవే. వాటికీ జిగ్ కావాలి, గీతలు గీసుకోవడానికి: క్లాంప్ అంచు వెంట సన్న పెన్నుతో మూడు గీతలు, వాటి మీద టేప్, టేప్ మీద వేన్, రెండు కొసల్లోనూ సన్న టేప్ ఒకటిన్నర చుట్టు. కుడి చేతివి, ఎడమ చేతివి విడివిడిగా అమ్ముతారు, కలపకండి.

రేంజ్‌లో చూసుకోవడం

ప్రతి బాణానికీ నంబరు వేయండి. ఎలాగూ పోటీల్లో షాఫ్ట్ మీద పేరో ఇనీషియల్సో ఉండాలి, ఒక విడతలో వేసే బాణాలన్నిటికీ వేన్ల, నాక్‌ల రంగులూ రకమూ ఒకేలా ఉండాలి. అందుకే టోర్నమెంట్ ముందు రోజు రాత్రి ఒక్క బాణానికి దొరికిన ఆకుపచ్చ వేన్ అంటించి పంపకండి, జడ్జి పక్కన పెట్టిస్తాడు. ఆరు బాణాల చొప్పున ఐదారు విడతలు వేయించి ఏ నంబరు ఎక్కడ పడిందో కాగితం మీద పెట్టుకోండి. ఒకే నంబరు పదే పదే ఒకే పక్కకు పోతుంటే ముందు దాని నాక్ వదులైందేమో, తిరిగిపోయిందేమో చూడండి, తర్వాతే వేన్ జోలికి వెళ్ళండి. ఒకసారి ఎడమకి, ఒకసారి కిందికి పోతుంటే బాణం తప్పు కాదు, ఆ మాట పిల్లలకు ఎలా చెప్పాలో మీ ఇష్టం. వేన్ విల్లుకు తగులుతోందని అనుమానం ఉంటే వేన్ల మీద ముఖానికి రాసే పౌడర్ పట్టించి ఒకటి వేయమనండి, రెస్ట్ మీదో రైజర్ మీదో తెల్ల గీత పడితే నాక్ కొంచెం తిప్పాలి.

చివరిగా ఒకటి. మా దగ్గర పగులు వచ్చి పక్కన పెట్టిన పాత షాఫ్ట్ ఒకటి ఉంది. బాణాలు బాగా కుదిరిన రోజున, స్క్రూలు కదపకుండా, దానికి కూడా మూడు వేన్లు అతికించి ఉంచాను. జిగ్ ఎవరైనా కదిపినా, షాఫ్ట్ సైజు మార్చి మళ్ళీ పాతదానికి వచ్చినా, ముందు దాన్ని జిగ్‌లో పెట్టి, దాని వేన్ మీదికి ఖాళీ క్లాంప్ సరిగ్గా మూసుకునేదాకా స్క్రూలు సర్దుతాను, లెక్కలు అవసరం లేదు. పొరపాటున క్వివర్‌లోకి వెళ్ళకుండా మా అమ్మాయి దాని పాయింట్ (ముందు ములికి) పీకేసి, ఎర్ర టేప్ చుట్టి, దాని మీద స్కెచ్ పెన్‌తో "తాతయ్య, వేయరాదు" అని రాసింది.